వారములనుండి వసతిగృహముల దాక



నేడు నేను చెప్పదలచినది మన పాలమూరు సీమలో పిల్లల చదువును గూర్చిన చరిత్ర. అయితే పాఠశాలలెన్ని, ఉపాధ్యాయులెందరు, పరీక్షలలో నెగ్గినవారెందరు అను లెక్కలతో మిమ్ము విసిగింపబోను. ముప్పదియైదేండ్లు పల్లెబడులలో తెలుగు చెప్పి విశ్రమించిన వాడను. ఆ అనుభవమువలన నాకు స్థిరపడిన అభిప్రాయమొకటి కలదు. మన ప్రాంతమున బిడ్డ బడికి రాకపోవుటకు, వచ్చియు నిలువకపోవుటకు తొలి కారణము అక్షరముమీది అయిష్టము కాదు. మధ్యాహ్నము ఎవరింట తినవలెను, రాత్రి ఎక్కడ పండుకొనవలెను అను ప్రశ్నకు జవాబు లేకపోవుటయే. ఈ ప్రశ్నకు మనవారు ఆయా కాలములందు ఏ జవాబులు కనుగొనిరో, ఎవరెవరు చేతులు కలిపిరో, ఆ చేతులు ఏ బిడ్డలను అందుకొనలేకపోయెనో విచారింతము.

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీనుండి మూడు వేరువేరు జిల్లాల ముఖ్యపట్టణములు. అంతకు ముందు మూడును మహబూబునగరు జిల్లాలోనివే. ఇంకను వెనుకకు పోయినచో, నిజాము ప్రభుత్వము క్రింద గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, గోపాలుపేట సంస్థానములు కొంత భాగమును, సర్కారు తాలూకాలు కొంత భాగమును ఆక్రమించి యుండెను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల భూమిని నడిగడ్డ యందుము. ఇరుప్రక్కల రెండు మహానదులు పారుచుండగా నడుమ చేలు ఎండుచుండుట యెట్లో, అది వేరొక ప్రసంగమునకు చాలిన ముచ్చట.

వారములు చేసికొని చదువుకొనుట యనిన మీలో చాలమందికి తెలిసినదే. నేటి పిల్లలకు మాత్రము విప్పి చెప్పవలసివచ్చుచున్నది. బీదబాలుడొకడు ఉపనయనమైన పిదప, చదువుకొరకు గురువుగారున్న గ్రామమునకు వచ్చును. గురువుగారు చదువు చెప్పుదురు గాని అందరికిని అన్నము పెట్టగల సంపన్నులు కారు. అప్పుడు ఊరిలో ఏడు ఇండ్లవారు ఒక్కొక్కరు వారమునకొక దినము ఆ బాలునికి భోజనము పెట్ట నొప్పుకొందురు. ఆదివారము ఒకరింట, సోమవారము మరొకరింట. ఇది మాధూకరము కాదు సుమా. మాధూకరమున విద్యార్థి జోలె పట్టి ఇల్లిల్లు తిరిగి వండిన అన్నము అడిగి తెచ్చుకొనును. వారములయందు అడుగుట లేదు. ఆ దినము ఆ ఇంటిలో అతనికొక విస్తరి అతని హక్కువలె ఉండును. ఈ భేదము చిన్నదిగా కనిపించును గాని, ఎనిమిదేండ్ల బాలుని మనస్సునకు అది చిన్నది కాదు.

ఈ ఏర్పాటునకు కాగితము లేదు, నిధి లేదు, కార్యదర్శి లేడు. అయినను దీనికి నియమములు కలవు. ఒక ఇంటిలో మైల వచ్చినచో ఆ దినపు భోజనము ప్రక్కయింటివారు చూచుకొనవలెను. ఇంటివారు ఊరికి పోవునపుడు ముందే గురుపత్నికి చెప్పి పోవలెను. నాకు వ్యాకరణము చెప్పిన గురువుగారు బాల్యమున ఆరేండ్లు వారములు చేసినవారు. ఏ ఇంట ఏ పప్పు, ఏ ఇంట పెరుగు పలుచన అను సంగతి వారికి అరువదేండ్ల తరువాతను నోటికి వచ్చుచుండెడిది. బుధవారపు ఇంటి గృహిణి తమకు జ్వరము వచ్చినపుడు తన దినము కాకున్నను జావ కాచి పంపినదని చెప్పి, ఆమె పేరు తలచి చేతులు జోడించెడివారు. పిల్లల యోగక్షేమములు చూచుట యని నేడు మనమనుచున్న పని ఆనాడు గ్రామములో అట్లు జరిగెను.

వీధిబడి అయ్యవారి జీవనముకూడ ఈ తీరుననే ఊరి చేతులమీద నడచెడిది. దసరాకు పిల్లలు పూలవిండ్లు పట్టుకొని అయ్యవారి వెంట ఇంటింటికి పోయి పాటలు పాడగా, అయ్యవారికి పైకము, పిల్లలకు పప్పు బెల్లము దొరికెడివి. నవ్వుకొనదగిన వేడుకవలె నున్నను, ఏడాదికొకమారు బడిపిల్లలందరిని ఊరివారందరు కన్నులార చూచుట దానివలన కలిగెడిది. ఎవరి బిడ్డ చిక్కిపోయినాడో, ఎవరి బిడ్డ రాలేదో తెలిసెడిది.

సంస్థానములు విద్వాంసులను పోషించెను. గద్వాలకు విద్వద్గద్వాల యను పేరు ఊరకే రాలేదు. కార్తిక మాఘ మాసములందు అచట జరిగెడి పండితసభలకు దూరదేశములనుండి శాస్త్రజ్ఞులు వచ్చి సన్మానములు పొందెడివారు. తిరుపతి వేంకటకవులును అచటికి వచ్చినవారే. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారి కాలమువరకు ఆ సంప్రదాయము సాగెను. పండితుడు సుఖముగా నున్నచో అతని ఇంటి అరుగుమీద నలుగురు శిష్యులు నిలుతురు. ఇంతవరకు మెచ్చుకొనదగినదే.

అయితే ఆ సంప్రదాయములో పెరిగినవాడనే గనుక దాపరికము లేకుండ చెప్పుచున్నాను. ఆ ఏడు ఇండ్ల చుట్టు గీత యొకటి యుండెను. ఆ విస్తరి బ్రాహ్మణ బాలునికే. కాపువారి పిల్లవాడు వీధిబడిలో పెద్దబాలశిక్ష ముగించి నాగలి పట్టెను. మాల మాదిగ పిల్లలు అరుగు దరిదాపులకే రాలేదు. ఆడపిల్లకు వారములు చేయుట యను ఊహయే ఎవరికిని తట్టలేదు. నూరిండ్ల ఊరిలో ఇద్దరు ముగ్గురు బాలురకు కడుపునింపిన ఏర్పాటును ఊరి ధర్మమని చెప్పుకొనుట కొంచె మతిశయోక్తియే.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ప్రశ్న మారెను. నైజాము రాజ్యమున కొలువు దొరకవలెనన్నను, వకీలు కావలెనన్నను, ఉర్దూ ఇంగ్లీషు చదువులు కావలెను. అవి హైదరాబాదులో కలవు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనాభాషగా స్థాపింపబడెను. పాలమూరు పల్లెనుండి పోయిన బాలునికి ఆ నగరమున ఏడు ఇండ్లెక్కడివి? బంధువులున్నవారు వారింట తల దాచుకొనిరి. లేనివారు తిరిగివచ్చిరి.

ఆ 1918వ సంవత్సరముననే హైదరాబాదులో రెడ్డి వసతిగృహము వెలసినది. దాని వెనుక నిలిచిన ముఖ్యపురుషుడు రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారు. వీరు 1869లో వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో జన్మించిరి. పోలీసు శాఖలో చిన్న కొలువునుండి పైకివచ్చి, 1920లో హైదరాబాదు నగర కొత్వాలు పదవి నందుకొని, 1934వరకు నిర్వహించిరి. ఆ పదవి నధిష్ఠించిన తొలి హిందువు వీరే. కొత్వాలనిన ప్రజలు గడగడలాడు కాలమున, ఆయన గ్రామములనుండి వచ్చిన పిల్లల అన్నము పడకలను గూర్చి ఆలోచించుట నాకు మిక్కిలి గొప్పగా తోచును. బాల్యముననే తలిదండ్రులను పోగొట్టుకొని పరుల ఆదరణలో పెరిగినవారగుటచే ఆ బాధ వారికి తెలియును. గద్వాల, వనపర్తి మొదలగు సంస్థానాధిపతులు, భూస్వాములు విరాళములిచ్చిరి. ఇచ్చట గమనింపదగిన దేమనగా, ధనమొకరిది, పలుకుబడి యొకరిది, దినదిన పర్యవేక్షణ మరియొకరిది. మూటిలో నేది లోపించినను ఆ ఇల్లు నిలిచెడిది కాదు.

ఆ దినదిన పర్యవేక్షణ భారమును కొన్నేండ్లు మోసినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. 1896లో నడిగడ్డయందు జన్మించిన వీరి స్వగ్రామము ఇటికాలపాడు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించినవారు, 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమాంధ్రమహాసభకు అధ్యక్షులు, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి తెలంగాణమున కవులు లేరన్న మాటకు జవాబు చెప్పినవారు అని వారిని మనమెరుగుదుము. ఇవన్నియు పెద్ద పనులే. కాని పిల్లవానికి జ్వరమెట్లున్నది, వంటవాడు రాలేదేమి, గ్రంథాలయమున పుస్తకము తిరిగివచ్చినదా అని చూచుకొనెడి పనికి చరిత్ర గ్రంథములలో చోటు తక్కువ. పిమ్మట ప్రజానాయకులైన రావి నారాయణరెడ్డిగారి వంటివారు ఆ వసతిగృహమున నుండి చదివినవారే.

దానిని చూచి వైశ్యులు, మున్నూరుకాపులు, గౌడులు మొదలగువారును తమతమ పిల్లలకు నగరమున వసతిగృహములు కట్టించుకొనిరి. కులము పేరు పలకమీద వ్రాసికొనుట నేటి మనకు రుచింపకపోవచ్చును. నేను దానిని తప్పుపట్టను, పొగడను. తనవారికి పెట్టిన చేయి పరులకు పెట్టుట నేర్చుకొనుటకు కొంతకాలము పట్టును. అయితే తమ కులమున ధనవంతులు లేని పిల్లల గతి యేమి? వారికొరకు శ్రమించిన భాగ్యరెడ్డివర్మగారు 1910నుండియే హైదరాబాదులో ఆదిహిందూ బాలబాలికల పాఠశాలలు తెరచిరి. ఆయనకు సంస్థానాధిపతుల అండ లేదు. ఆడపిల్లలకు తెలుగులో ఉన్నతవిద్య చెప్పుటకు మాడపాటి హనుమంతరావుగారు 1928లో బాలికా పాఠశాలను స్థాపించిరి. నగరమున ఇంతమాత్ర మేర్పడినది. నడిగడ్డ ఆడపిల్లకు మాత్రము ఇంకను డెబ్బదియైదేండ్లు ఆగవలసియుండెను.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరుటయు, 1949లో జాగీరుల రద్దును జరిగినవి. సంస్థానములు పోయినవి. వనపర్తివారి ప్రాసాదము 1959లో కృష్ణదేవరాయ పాలిటెక్నిక్‌కు ఇల్లయినది. రాజుగారి అంతఃపురమున కాపువాని కొడుకు యంత్రవిద్య నేర్చుట మా తండ్రులకు పెద్ద వింత. నాగరుకర్నూలు ప్రక్కన పాలెము గ్రామములో వేంకటేశ్వర ప్రాచ్యకళాశాల ఏర్పడి, చుట్టుప్రక్కల బీదపిల్లలకు సంస్కృతాంధ్రములు నేర్పెను. కపిలవాయి లింగమూర్తిగారి వంటి విద్వాంసులు అచట బోధించిరి. ప్రభుత్వము సంక్షేమ వసతిగృహములు తెరచినది. నల్లమల చెంచుపెంటల పిల్లలకు ఆశ్రమ పాఠశాలలు వచ్చినవి. 1971లో పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా నల్లగొండ ప్రాంతపు సర్వేలులో గురుకులము ప్రారంభమయ్యెను. కులమేదైనను బీదవాడై తెలివిగలవాడైన చాలును, చదువు, అన్నము, పడక ఒక్కచోట దొరకునన్న మాట అప్పుడు పుట్టినది.

ఇక సమస్య తీరినదనుకొనుచుండగా, అది మరియొక వైపునుండి వచ్చి కూర్చుండెను. గురుకులమునకు పిల్లవాడు పరీక్ష వ్రాసి పోవలెను. పరీక్ష వ్రాయవలెనన్న ఊరి బడిలో అయిదేండ్లు కుదురుగా కూర్చుండవలెను. పాలమూరు పిల్లవాడు కూర్చుండుటెట్లు? దసరా దీపావళి దాటగానే గుంపుమేస్త్రీ వచ్చును. వానకాలమున ఇంటివారు తీసికొన్న బయానాకు లెక్క చూచి ఆలుమగలను పనికి తీసికొనిపోవును. దేశములో ఆనకట్టలు, కాలువలు, రహదారులు ఎక్కడ కట్టినను పాలమూరు కూలీ చేయి దానిలో కలదు. తట్టలు మోసిన తల్లి వెంట బిడ్డయు పోవును. ఇంట ముసలమ్మయున్నచో ఒక్కొక్కప్పుడు వదలిపోవుదురు. హాజరు పుస్తకమున కార్తికమాసమునుండి తొలకరివరకు వరుసగా సున్నలు చుట్టుట నాకు ప్రతియేటి పని. ఆ సున్నలలో ఒక్కటియు సోమరితనముది కాదు.

నడిగడ్డలో దీనికి తోడు వేరొక చిక్కు కలిగెను. 1970లో గుజరాతునందలి సూరతు పరిశోధనకేంద్రమున ప్రపంచములోనే తొలి వాణిజ్య సంకర ప్రత్తి రకము వెలువడినది. సంకరవిత్తనము యంత్రముతో తయారగునది కాదు. ప్రత్తిపూవున ఆడభాగము, మగభాగము రెండును కలసియుండును. సాయంకాలము మొగ్గను విప్పి మగభాగమును గోటితో తీసివేసి గురుతు పెట్టవలెను. మరునాటి ఉదయమున వేరొక రకపు పూవు పుప్పొడిని తెచ్చి దానికి రాయవలెను. ఒక్కొక్క పూవునకు ఇట్లే. దీనిని మన రైతులు క్రాసింగు అందురు. ఎకరమునకు దినమునకు ఇంచుమించు పదిమంది చొప్పున, మూడు నెలలు ఈ పని యుండును. అది సరిగా బడులు తెరచి పాఠములు సాగుచుండు కాలము.

గద్వాల ప్రాంతపు నేలకు ఈ పంట కుదిరినది. పనికి ఆడపిల్లలు కుదిరిరి. వారి వ్రేళ్లు చిన్నవి, పూవు నలుగదు, చెట్టు వారి యెత్తునకు సరిపోవును అని చెప్పుకొనిరి. నేను సేద్యగాండ్ర ఇంట పుట్టినవాడను కాకున్నను ఈ మాటను నమ్మను. పెద్దవారి వ్రేళ్లతో మల్లెమొగ్గలు కోయుచున్నాము గదా! పెద్దవారికిచ్చు కూలిలో పిల్లకు తక్కువ ఇచ్చిన చాలును, ఇల్లు గడవని వేసవిలో తండ్రికి బయానా ఇచ్చిన పిల్ల మూడు నెలలు మారు మాటాడక వచ్చును. అసలు కారణమిది. రైతును తిట్టిన లాభము లేదు. విత్తనము ధర కంపెనీ ముందే నిర్ణయించును. కంపెనీకి రైతునకు నడుమ ఆర్గనైజరు కలడు. అతడు రైతునకు అప్పిచ్చి కట్టివేసికొనును. రైతు కూలివానికి బయానా ఇచ్చి కట్టివేసికొనును. ఆ గొలుసు చివర పది పండ్రెండేండ్ల పిల్ల పురుగుమందు వాసనలో నడుము వంచి నిలుచును.

చట్టములేదా యనిన కలదు. అయితే 1986 నాటి బాలకార్మిక చట్టము నిషేధించిన పనుల పట్టికలో పొలముపని సాధారణముగా చేరలేదు. పదునాలుగేండ్లలోపు పిల్లలను ఏ పనియందును పెట్టరాదని, ఇంటి పని బడివేళ కాని వేళలందు చేయవచ్చునని చట్టము మారినది 2016లో. ఆ ముప్పదియేండ్ల నడుమ ఊరివారే ఏదైన చేయవలసియుండెను.

చేసినవారు కలరు. 1981లో ఏర్పడిన మామిడిపూడి వేంకటరంగయ్య ఫౌండేషను 1991నుండి రంగారెడ్డి జిల్లా గ్రామములలో ఈ పనికి పూనుకొనెను. దాని కార్యదర్శిగా పనిచేసిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసె బహుమతి వచ్చినది. బడిలో లేని ప్రతి బిడ్డయు పనిలో నున్న బిడ్డయే యని వారు పట్టుబట్టిరి. పనినుండి తప్పించిన పిల్లలను ముందు శిబిరమున నుంచి, అన్నముపెట్టి, వెనుకబడిన చదువు కొన్ని నెలలలో నేర్పి, వయస్సునకు తగిన తరగతిలో చేర్చిరి. పండ్రెండేండ్ల పిల్లను ఒకటవ తరగతిలో ఆరేండ్లవారి నడుమ కూర్చుండబెట్టినచో సిగ్గుతో మరునాడే పారిపోవును. బడిపంతులుగా చెప్పుచున్నాను, ఈ ఒక్క సంగతి గ్రహించుటయే సగము విజయము. ఉపాధ్యాయులు కొందరు బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి తోడ్పడిరి. గ్రామపంచాయతీలు, యువకులు, తల్లులు కలసిరి.

ప్రత్తిచేల విషయమున మాటలు కంపెనీల గడప దాక పోయినవి. 2003 తరువాత చర్చలు సాగి, 2005లో కొన్ని విత్తన కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు కర్నూలు, మహబూబునగరు జిల్లాల గ్రామములలో ఉమ్మడి కార్యక్రమమునకు ఒప్పుకొనినవి. పిల్లలను పెట్టని రైతునకు కొనుగోలు ధరపై నూటికి 5 వంతున అధికమిచ్చుట, మాట తప్పినవారికి శిక్ష, చేలను గ్రామస్థులతో కలసి తనిఖీ చేయుట అందలి ముఖ్యాంశములు. ఆ కంపెనీల చేలలో చిన్నపిల్లల సంఖ్య తగ్గినది. ఒప్పందములోనికి రాని చిన్న కంపెనీల చేలు మాత్రము ప్రక్కనే యుండెను. గట్టునకు ఆవలనున్న చేనికి పోవుటకు పిల్లకు ఎంతసేపు పట్టును?

2003నుండి బడులలో వండిన మధ్యాహ్నభోజనము పెట్టసాగిరి. 2004లో కస్తూరిబా గాంధి బాలికా విద్యాలయముల పథకము వచ్చినది. చదువు మానిన ఆడపిల్లలకు మండలములోనే అన్నము, పడక, చదువు. నడిగడ్డ ఆడపిల్లకు తన పేర ఒక విస్తరి, ఒక మంచము ఏర్పడినది అప్పుడే. అయినను 2011 జనాభా లెక్కలలో మహబూబునగరు జిల్లా అక్షరాస్యత 55 శాతము మాత్రమై, ఆనాటి రాష్ట్రపు 23 జిల్లాలలో కట్టకడపట నిలిచెను. నేటి జోగుళాంబ గద్వాల జిల్లా హద్దులలో లెక్కించినచో అది 50 శాతమునకును లోపే.

వలసపోవు ఇండ్ల పిల్లలకు సర్వశిక్షా అభియాను క్రింద ఋతువును బట్టి నడచెడి వసతిగృహములు మన జిల్లాలో పెట్టిరి. తలిదండ్రులు పోయిన నెలలలో పిల్లలు ఊరి బడిలోనే రాత్రి పండుకొందురు. గ్రామమునందలి స్త్రీలే వండి పెట్టుదురు. నా కన్నులకు ఇది వారముల పద్ధతికి మిక్కిలి దగ్గరిది. భేదమేమన, గీత తుడిచివేయబడినది. మాదిగ పిల్లవాడు, బోయ పిల్లవాడు, కాపు పిల్లవాడు ఒక వరుసలో కూర్చుండిరి. కాని ఇచ్చటను కీలకము సర్కారు బియ్యము కాదు. తల్లి తన ఏడేండ్ల కూతురిని రాత్రివేళ విడిచిపోవలెనన్న, ఆ తాళపుచెవి ఎవరి నడుమున నున్నదో ఆమెకు తెలియవలెను. ఆ మనిషి తన ఊరి మనిషి కావలెను.

2010 ఏప్రిల్ 1నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య సంఘములో నాలుగింట మూడువంతులు తలిదండ్రులు, సగము స్త్రీలు ఉండవలెను. తలిదండ్రులే ఊరిలో లేని నెలలలో ఆ సంఘము ఎవరితో నడచును? ఇచ్చట మీవంటి పెద్దల పని యున్నది. వలస పోనివారు, చదువు వచ్చినవారు, ప్రతి గడప ఎరిగినవారు మీరు. ఈ సంవత్సరము ఏ ఏ ఇండ్లవారు బయానా తీసికొనిరి, ఆ ఇండ్లలో బడియీడు పిల్లలెందరు, ముసలమ్మ యున్నదా లేదా, ఆమె వండగలదా అను జాబితా ప్రధానోపాధ్యాయుని యొద్ద ఉండదు, ఉండుట కష్టము. మీకు నోటిలోనే యుండును. దానిని కాగితముమీద వ్రాసి సంఘమునకు ఇచ్చినచో మిగిలినది అధికారులను అడిగి తెచ్చుకొనవచ్చును. ఆ జాబితా దసరాకు ముందే కావలెను. దీపావళి దాటిన పిదప మేస్త్రీ లారీ వచ్చి రచ్చకట్ట యొద్ద నిలుచును.